పోయింది రన్నర్ కాదు, 1.15 మీటర్ల హెడ్

రెండు యూనిట్ల చిన్న జలవిద్యుత్ కేంద్రం. ఒక్కో యూనిట్ 3 మెగావాట్లు. నది నిండుగా పారుతోంది, మిగులు నీళ్లు స్పిల్‌వే గేట్ల కింద నుంచి పోతూనే ఉన్నాయి, అయినా మీటరు 2.52 మెగావాట్లు దాటి పైకి రావడం లేదు. నన్ను పిలిచేటప్పటికే వాళ్ల చేతిలో ఒక రిపోర్ట్ ఉంది. టర్బైన్ ఎఫిషియెన్సీ 85 శాతం నుంచి 72కి పడిపోయిందనీ, రన్నర్ (నీటి తోపుకి తిరిగే చక్రం) బ్లేడ్లు అరిగిపోయాయనీ, కొత్త రన్నర్ వేయాలనీ దాని సారాంశం. కొత్త రన్నర్ అంటే తయారై రావడానికే చాలా నెలలు, ఆ తర్వాత యూనిట్ మొత్తం విప్పి బిగించాలి. "ఆర్డర్ పెట్టేముందు ఇంకొకరి మాట కూడా విందామనుకుంటున్నాం సార్" అన్నారు ప్లాంట్ మేనేజర్ ఫోన్‌లో. ఆయన గొంతులో నమ్మకం కంటే టెన్షనే ఎక్కువ వినిపించింది.

టర్బైన్ల పనితీరు కొలవడం నా వృత్తి. కేంద్రం పేరు, నది పేరు యజమానుల కోరిక మేరకు రాయడం లేదు. లెవెల్స్ అన్నీ మీటర్లలో, ఆ కేంద్రం సొంత డేటమ్ (ఎత్తులు లెక్కపెట్టే ఆధార మట్టం) నుంచి కొలిచినవే. ఒకటో యూనిట్ అంకెలే చెబుతాను. రెండో యూనిట్ కథ కూడా దాదాపు అదే.

కేంద్రం ఎలాంటిది

నదికి అడ్డంగా తక్కువ ఎత్తు ఆనకట్ట, పక్కన కాలువ, కాలువ చివర ఫోర్‌బే (టర్బైన్లకి ముందు నీళ్లు నిలిచే తొట్టి), దాని కింద పవర్‌హౌస్. నీళ్లు నిల్వ చేసుకునే జలాశయం లేదు. వచ్చిన నీటిని వచ్చినట్టే టర్బైన్‌లోకి పంపి, కొంత దూరం కింద మళ్లీ అదే నదిలో కలిపేస్తారు. హెడ్ అంటే పై నీటి మట్టానికీ కింది నీటి మట్టానికీ మధ్య ఎత్తు తేడా, దారిలో పోయే నష్టాలు తీసేస్తే మిగిలేది నెట్ హెడ్. డిజైన్ ప్రకారం అది 12 మీటర్లు, ఒక్కో యూనిట్‌కి సెకనుకు 30 ఘనపు మీటర్ల నీరు, టర్బైన్, జనరేటర్ కలిపి 85 శాతం ఎఫిషియెన్సీ. 9.81ని 30తో, 12తో, 0.85తో గుణిస్తే 3,002 కిలోవాట్లు వస్తాయి. ఈ రంగంలో ఉన్నవాళ్లకి వేరే సూత్రం పెద్దగా అక్కర్లేదు. ఎన్ని నీళ్లు, ఎంత ఎత్తు నుంచి, ఎంత నష్టంతో. 1882లో అమెరికాలోని ఆపిల్టన్‌లో తొలి జలవిద్యుత్ కేంద్రాల్లో ఒకదాన్ని నడిపినవాళ్ల లెక్కా ఇదే, చైనాలోని 22,500 మెగావాట్ల త్రీ గోర్జెస్‌దీ ఇదే.

ఇక్కడున్నవి కప్లాన్ టర్బైన్లు. ఓడ ప్రొపెల్లర్‌లా ఉండే రన్నర్, దాని బ్లేడ్లు తిరిగే తిరుగుడులోనే కోణం మార్చుకోగలవు. ఆస్ట్రియా ఇంజనీరు విక్టర్ కప్లాన్ 1913 ప్రాంతంలో దీన్ని రూపొందించాడు. హెడ్ తక్కువ, నీళ్లు ఎక్కువ ఉన్నచోట దీనికి మించింది లేదు.

తక్కువ హెడ్ కేంద్రాలకు ఒక బలహీనత ఉంది. 500 మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు దూకే పెల్టన్ టర్బైన్ దగ్గర 10 సెంటీమీటర్లు అటూ ఇటూ అయితే ఎవరూ పట్టించుకోరు. 12 మీటర్ల దగ్గర అలా కుదరదు. టర్బైన్‌లోకి నీళ్లు వదిలే గేట్ పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు హెడ్ తగ్గితే నీళ్లు తోసే ఒత్తిడి తగ్గుతుంది, దాంతో టర్బైన్‌లోంచి పోయే నీళ్లు కూడా తగ్గుతాయి. దెబ్బ రెండు వైపులా పడుతుంది. అందుకే పవర్ హెడ్‌కి 1.5 ఘాతంలో పడిపోతుంది. ఈ యూనిట్‌లో 10 సెంటీమీటర్ల హెడ్ అంటే సుమారు 37 కిలోవాట్లు. మెట్టు మీద నిలబడితే కాలి చీలమండ దాకా వచ్చే ఎత్తు అది.

72 శాతం ఎక్కడి నుంచి వచ్చింది

పాత రిపోర్ట్‌ని రెండుసార్లు చదివాను. అందులో లెక్క తప్పు లేదు. 2,520 కిలోవాట్ల పవర్, 11.95 మీటర్ల హెడ్, 30 ఘనపు మీటర్ల నీరు. ఈ మూడూ వేస్తే ఎఫిషియెన్సీ నిజంగానే 72 శాతం వస్తుంది. చిక్కల్లా ఆ మూడు అంకెల్లోనే ఉంది. పవర్ ఒక్కటే మీటరులో చదివినది. హెడ్ స్కాడా (కేంద్రం రీడింగులన్నీ చూపించే కంప్యూటర్ వ్యవస్థ) స్క్రీన్ మీద కనిపించిన అంకె. నీళ్లు? టర్బైన్ తయారీదారు ఇచ్చిన చార్ట్ చూసి "పూర్తి గేట్ కాబట్టి 30" అని రాసుకున్నారు. అంటే టర్బైన్ కొత్తదానిలా నీళ్లు తాగుతోందని ముందే ఒప్పుకుని, ఆ తర్వాత అది పాతబడిపోయిందని తేల్చారు.

కప్లాన్ రన్నర్ 13 పాయింట్ల ఎఫిషియెన్సీ అరుగుదల వల్ల పోగొట్టుకుంటే పవర్‌హౌస్‌లోకి అడుగుపెట్టగానే తెలిసిపోతుంది, రిపోర్ట్ అక్కర్లేదు. ఇక్కడ వైబ్రేషన్ కొంచెం ఎక్కువగానే ఉంది. డ్రాఫ్ట్ ట్యూబ్ (టర్బైన్ నుంచి నీళ్లు బయటికి పోయే గొట్టం) వైపు నుంచి గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడు కూడా వస్తోంది. కానీ అంత నష్టానికి తగ్గ గోల కాదు.

ఎనర్జీ మీటర్‌ని, దానికి కరెంటునీ వోల్టేజీనీ తగ్గించి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ల (సీటీ, పీటీల) రేషియోలని ముందు సరిచూసుకున్నాం. వాటిలో తేడా లేదు. ఆ తర్వాత నేను అడిగింది పాత లాగ్‌బుక్కులు. నీళ్లు తక్కువగా ఉండే నెలల పేజీలు కావాలన్నాను. "లోడ్ సమస్య వానల్లో కదా సార్, ఎండల్లో పేజీలెందుకు?" అన్నాడు షిఫ్ట్ ఇంజనీరు. అందుకే కావాలి అన్నాను.

ఎండల్లో ఒక్క యూనిట్ మాత్రమే, అదీ సగం గేట్‌తో నడుస్తుంది. ఆ గేట్ ఓపెనింగ్‌కి చార్ట్ ప్రకారం రావాల్సింది 1.5 మెగావాట్లు. లాగ్‌బుక్‌లో 1.47, 1.48 ఉన్నాయి. నెల మొత్తం అంతే. అరిగిపోయిన బ్లేడ్ సగం లోడ్‌లో కొత్తదైపోదు. నీళ్లు పెరిగేకొద్దీ పెరిగి, తగ్గేకొద్దీ మాయమయ్యే నష్టం ఇది. అలాంటి గుణం ఉన్నవి రెండే: దారిలో ఎక్కడో ఇరుకు ఉండటం, లేదా కింద నీళ్లు ఎగదన్నడం. వేగం రెట్టింపైతే ఇరుకులో నష్టం నాలుగు రెట్లవుతుంది, సగమైతే నాలుగో వంతుకి దిగుతుంది. ఆ రాత్రే నాకు రన్నర్ మీద అనుమానం దాదాపు పోయింది. ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. కొలవకముందు చెప్పే మాట కూడా పాత రిపోర్ట్ లాంటిదే.

బరువు కట్టిన టేపు

ఫోర్‌బే చివర, టర్బైన్‌లోకి నీళ్లు దిగే నోటి దగ్గర ట్రాష్ ర్యాక్ ఉంటుంది. చెత్తా చెదారం, దుంగలు లోపలికి పోకుండా ఆపే ఇనుప కడ్డీల జాలీ. దానికి పట్టిన చెత్తని గీకి పైకి తీసే పళ్ల యంత్రం రేక్. ఈ కేంద్రంలో దాని ఎత్తు 7 మీటర్లు. ర్యాక్‌కి ముందు లెవెల్ సెన్సార్ ఉంది. వెనక ఏమీ లేదు. అంటే ర్యాక్ దాటేటప్పుడు ఎంత ఎత్తు పోతోందో కొలిచే సాధనమే లేదు. చిన్న కేంద్రాల్లో ఇది మామూలే, కానీ నాకు ఎప్పుడూ మింగుడుపడదు. ముప్పై రకాల ఉష్ణోగ్రతలు కొలుస్తారు, ఈ ఒక్క తేడా కొలవరు.

ర్యాక్ వెనకే స్టాప్‌లాగ్ గ్రూవ్ ఉంటుంది, మరమ్మతులప్పుడు తలుపులు దించే గాడి. దాని మూత తీసి స్టీల్ టేపుకి ఇనుప గుండు కట్టి దించాం. గాడిలో నీళ్లు పెద్దగా అలలు లేకుండా ఉంటాయి కాబట్టి లెవెల్ చక్కగా దొరుకుతుంది. రెండో టేపు ర్యాక్ ముందు. ఐదు నిమిషాలకోసారి ఇద్దరం ఒకేసారి చదివాం. ముందు 99.95. వెనక 99.35.

ఫోర్‌మన్‌గారు టేపు పైకి లాగి, తుడిచి, మళ్లీ దించారు. మళ్లీ 99.35. "అరవై సెంటీమీటర్లా? పొద్దున్నే రేక్ కొట్టించాం సార్. పైనుంచి చూడండి, అద్దంలా ఉంది." పైనుంచి చూస్తే నిజంగా శుభ్రంగానే ఉంది. నీటి మీద ఒక్క ఆకు లేదు. శుభ్రమైన ర్యాక్‌లో పోవాల్సింది 10 సెంటీమీటర్లు.

మర్నాడు యూనిట్ ఆపి, గేట్లు దించి డైవర్‌ని పంపాం. అతను బయటికి వచ్చి మాస్క్ తీయకుండానే చేత్తో ఛాతీ దాకా చూపించి, తల అడ్డంగా ఊపాడు. ఇంకా కిందికి వెళ్లే దారే లేదని అర్థం. అడుగున 3 మీటర్లు దాదాపు పూర్తిగా మూసుకుపోయింది. నీళ్లు పీల్చి బరువెక్కి మునిగిపోయిన కొమ్మలు, వాటి మధ్య ఇసుక, దాని మీద గడ్డి. పైన 4 మీటర్లలో కూడా కడ్డీల సందుల్లో ప్లాస్టిక్ పీలికలు, నారలు పేనుకుపోయి ఉన్నాయి, రేక్ పళ్లు వాటి మీద నుంచి జారిపోతున్నాయి.

రేక్ అడుగుదాకా ఎందుకు వెళ్లడం లేదు? దీనికి జవాబు మెకానికల్ సెక్షన్‌లో దొరికింది. ఎప్పుడో ఒక వరదలో రేక్ అడుగున దుంగకి తగులుకుని మోటార్ ట్రిప్ అయింది. మళ్లీ ఇరుక్కోకుండా, రేక్ ఎక్కడిదాకా దిగి ఆగాలో చెప్పే లిమిట్ స్విచ్‌ని 3 మీటర్లు పైకి జరిపారు. ఆ రోజుకి అది తెలివైన పనే. దుంగ తీశాక స్విచ్ కిందికి దించడం మరిచారు. అప్పటి నుంచి రేక్ రోజూ దిగుతోంది, రోజూ పైకొస్తోంది, లాగ్‌లో రోజూ "రేకింగ్ పూర్తి" అని పడుతోంది.

ఇందులో కిలోవాట్ల కంటే పెద్ద ప్రమాదం ఒకటుంది. ర్యాక్ ముందూ వెనకా నీటి ఎత్తులో తేడా పెరిగేకొద్దీ ఆ భారమంతా కడ్డీల మీదే పడుతుంది. డిజైన్ చేసిన తేడా దాటితే ర్యాక్ వంగి, ఊడి, సరాసరి రన్నర్‌లోకి పోతుంది. అప్పుడు కొత్త రన్నర్ నిజంగానే కావాల్సి వచ్చేది.

రెండేళ్లు కదలని నది

ర్యాక్‌లో దొరికింది సగమే. మిగతాది పవర్‌హౌస్ అవతలి వైపు, టర్బైన్ వదిలిన నీళ్లు నదిలోకి పోయే టెయిల్‌రేస్‌లో ఉంది.

స్కాడాలో టెయిల్ లెవెల్ ట్రెండ్ తెరవమన్నాను. స్క్రీన్ మీద ఒక గీత, స్కేలు పెట్టి గీసినట్టు. 87.80. వెనక్కి జరిపాం: గత వారం 87.80, గత వర్షాకాలం 87.80, అంతకు ముందు ఎండాకాలం కూడా 87.80. ఒక నది రెండేళ్లపాటు ఒక్క సెంటీమీటరైనా కదలకుండా పారిందన్నమాట! అక్కడున్న నలుగురం కాసేపు ఆ గీతనే చూస్తూ ఉండిపోయాం. ఎవరూ మాట్లాడలేదు.

ఇన్‌స్ట్రుమెంట్ రిజిస్టర్‌లో పాత ఎంట్రీ దొరికింది: "వరదలో సెన్సార్ ఫెయిల్. తాత్కాలికంగా 87.80 విలువ ఇచ్చాం." డిజైన్ డ్రాయింగ్ మీదున్న అంకె అది. రాసినతను ఇప్పుడు అక్కడ లేడు. అతన్ని తప్పుపట్టను, కనీసం రాసిపెట్టాడు. కొత్త సెన్సార్ కోసం పెట్టిన ఇండెంట్ ఎక్కడో ఫైళ్ల మధ్య నిద్రపోతోంది.

టెయిల్‌రేస్ గోడ మీద పాత స్టాఫ్ గేజ్ ఒకటి ఉంది, పెయింట్ అంకెలు, దాని మీద పాచి. వైర్ బ్రష్‌తో రుద్దించి చదివితే 88.40. డిజైన్ కంటే 60 సెంటీమీటర్లు ఎత్తున నీళ్లు నిలబడి ఉన్నాయి. ఆ గేజ్ షిఫ్ట్ వాళ్లు రోజూ నడిచే మెట్ల పక్కనే ఉంది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఎఫిషియెన్సీ కోసం రన్నర్ లోపల వెతుకుతున్నారు.

నీళ్లెందుకు ఎగదన్నుతున్నాయో చూడటానికి ఒడ్డు వెంట కిందికి నడిచాం. 700 మీటర్ల దూరంలో ఒక వాగు వచ్చి కలుస్తుంది. సెన్సార్‌ని చంపిన వరదే ఆ వాగు నోట్లోంచి గులకరాళ్లు తెచ్చి నదికి అడ్డంగా పోసింది. పిడికిలంత రాళ్లు, మధ్యలో పుచ్చకాయంతవి. మూడొంతుల వెడల్పు వరకు గట్టులా పరుచుకున్నాయి. నీళ్లు తక్కువ ఉన్నప్పుడు మిగిలిన సందులోంచి హాయిగా పోతాయి, రెండు యూనిట్ల నీళ్లూ ఒకేసారి వస్తే ఆగి ఎత్తు పెంచుకుంటాయి. ఎండాకాలం లాగ్‌బుక్ చెప్పిందీ ఇదే.

జలవిద్యుత్తు గురించి మాట్లాడేటప్పుడు "ఇంధనం ఖర్చు లేదు, నీళ్లు ఏటా వస్తాయి" అంటాం. నిజమే. కానీ నది నీళ్లొక్కటే తీసుకురాదు. చైనాలో పసుపు నది (హ్వాంగ్ హో) మీద సన్‌మెన్షియా డ్యామ్‌లో 1960లో నీళ్లు నింపడం మొదలుపెట్టాక కొద్ది ఏళ్లకే ఒండ్రు ఎంతగా పేరుకుందంటే, దాన్ని బయటికి పంపడానికి కట్టిన డ్యామ్‌లోనే కొత్త దారులు తెరవాల్సి వచ్చింది. మాది దాని ముందు చీమంత. కానీ జబ్బు ఆ కుటుంబంలోదే.

లెక్క కలిసింది, కాస్త తేడాతో

ఇప్పుడు నిజమైన నెట్ హెడ్ వేయొచ్చు. డిజైన్‌లో ఫోర్‌బే 100.00, ర్యాక్ నష్టం 0.10, లోపలి దారిలో ఇంకో 0.10, టెయిల్ 87.80. నెట్ 12.00. మేం కొలిచింది: ఫోర్‌బే 99.95 (గేట్ సెట్‌పాయింట్ ఎవరో 5 సెంటీమీటర్లు తగ్గించి ఉంచారు), ర్యాక్ 0.60, లోపల 0.10, టెయిల్ 88.40. నెట్ 10.85. స్కాడా మాత్రం కదలని టెయిల్ అంకె, కాగితం మీది నష్టాలు తీసివేసి 11.95 చూపిస్తూనే ఉంది.

10.85ని 12తో భాగిస్తే 0.904. దాన్ని 1.5 ఘాతానికి పెంచితే 0.86. అంటే ఏ లోపమూ లేని కొత్త టర్బైన్ అయినా ఈ హెడ్ దగ్గర ఇచ్చేది 2.58 మెగావాట్లే. మీటర్‌లో 2.52 వస్తోంది. 480 కిలోవాట్ల లోటులో 420 హెడ్ ఖాతాలోకి పోయాయి. మిగిలిన 60 మాత్రమే టర్బైన్‌ని అడగాల్సినవి.

ఆ 60కి కూడా కారణం చాలావరకు అదే తప్పుడు అంకె. కప్లాన్‌లో రెండు కదులుతాయి: నీళ్లని లోపలికి వదిలే గైడ్ వేన్లు, రన్నర్ బ్లేడ్లు. ఒక్కో గేట్ ఓపెనింగ్‌కి సరిపోయే బ్లేడ్ కోణం ఒకటే ఉంటుంది, హెడ్ మారితే ఆ జోడీ కూడా మారుతుంది. ఈ జోడీల పట్టికని క్యామ్ అంటారు, టర్బైన్‌ని నియంత్రించే గవర్నర్‌లో ఉంటుంది. గవర్నర్ హెడ్ ఎక్కడి నుంచి తీసుకుంటుంది? స్కాడా నుంచే. అసలు 10.85 ఉంటే 11.95 అనుకుని బ్లేడ్లు తిప్పుతోంది. నీళ్లు బ్లేడ్‌కి తప్పు కోణంలో తగిలి విడిపోతున్నాయి. ఆ గులకరాళ్ల చప్పుడు, వైబ్రేషన్, పాత రిపోర్ట్‌లో "అరుగుదల లక్షణాలు" అని రాసినవి చాలావరకు ఇవే.

యూనిట్ ఖాళీ చేసినప్పుడు మ్యాన్‌హోల్‌లోంచి దూరి రన్నర్ కూడా చూశాను, చూడకుండా చెప్పడం ధర్మం కాదు కాబట్టి. బ్లేడ్ల అంచుల దగ్గర, వెనకవైపు కేవిటేషన్ గుంటలున్నాయి. ఒత్తిడి బాగా పడిపోయిన చోట నీళ్లలో ఆవిరి బుడగలు పుట్టి, లోహానికి ఆనుకుని పగలడం వల్ల వచ్చేవి. వేలితో తడిమితే గరుకుగా, పురుగు తిన్న ఆకులా. లోతు 2, 3 మిల్లీమీటర్లు. వెల్డింగ్‌తో పూడ్చి నునుపు చేస్తే చాలు.

ఇండెక్స్ టెస్ట్, నా వల్ల పాడైన ఒక రోజు

క్యామ్ సరిచేయాలంటే నీళ్లు కొలవాలి. పూర్తి కచ్చితంగా కొలవడం పెద్ద పని, కానీ ఇక్కడ అది అవసరం లేదు. ఏ జోడీ దగ్గర నీటికి ఎక్కువ పవర్ వస్తోందో పోల్చుకోగలిగితే చాలు, ఇండెక్స్ టెస్ట్ అంటే అదే. దానికి వింటర్-కెనెడీ పద్ధతి ఉంది, 1930ల నాటిది. నీళ్లు టర్బైన్ చుట్టూ వంపు తిరిగేటప్పుడు బయటి గోడ మీద ఒత్తిడి ఎక్కువ, లోపలి గోడ మీద తక్కువ. రెండుచోట్లా చిన్న రంధ్రాలు, వాటి నుంచి గొట్టాలు, మధ్యలో తేడా కొలిచే మీటర్. నీళ్లు ఆ తేడాకి వర్గమూలం లెక్కన మారతాయి. కట్టినప్పుడే పెట్టిన రంధ్రాలు ఇక్కడా ఉన్నాయి, కానీ వాటి వాల్వులు ఎవరూ తిప్పిన గుర్తుల్లేవు. ముందు వాటిలోంచి ఒండ్రు కడిగాం.

తొలి రోజు మూడు బ్లేడ్ కోణాలు, ఒక్కోదానికి ఐదు గేట్ పొజిషన్లు, ఒక్కో దగ్గర పావుగంట ఆగి రీడింగులు తీశాం. రాత్రి గ్రాఫ్ గీస్తే వంకరటింకరగా వచ్చింది. కొండలా లేచి దిగాల్సిన గీత రెండు మూపురాల ఒంటెలా ఉంది. సాకులు వెతుక్కోవాలనిపించింది. పొద్దున్నే వెళ్లి పారదర్శక గొట్టం వంపు దగ్గర లైటు వేసి చూస్తే, బఠానీ గింజంత గాలి బుడగ. గొట్టాన్ని నేనే బిగించాను, గాలి పూర్తిగా తీయకుండా. రోజంతా పెట్టిన శ్రమ చెత్తబుట్టలోకి పోయింది. ఫోర్‌మన్‌గారు ఏమీ అనలేదు, టీ గ్లాసు మాత్రం నా ముందు కాస్త గట్టిగా పెట్టారు. అప్పటి నుంచి గొట్టం మొత్తం ఒకే వాలులో ఉండాలన్నదీ, ప్రతి సెట్‌కి ముందు గాలి తీయాలన్నదీ నా చెక్‌లిస్ట్‌లో మొదటి రెండు లైన్లు.

రెండో విడత గ్రాఫ్‌లు బుద్ధిగా వచ్చాయి. ఒక్కో బ్లేడ్ కోణానికి ఒక కొండ, కొండల శిఖరాలన్నీ తాకుతూ గీసిన గీతే కొత్త క్యామ్.

ఏం చేశాం, ఏం చేయనన్నాను

మొదట టెయిల్ సెన్సార్. రెండు రోజుల పని. వరద దెబ్బ నేరుగా తగలకుండా గోడలో పైపు దించి దానిలో పెట్టించాం, పాత స్టాఫ్ గేజ్‌కి కొత్త పెయింట్ వేయించాం. గవర్నర్‌కి నిజమైన హెడ్ అందగానే 2.52 కాస్తా 2.56 అయింది, చప్పుడు తగ్గింది. ఆ తర్వాత డైవర్లతో ర్యాక్ అడుగు తవ్వించి, రేక్ లిమిట్ స్విచ్‌ని అసలు చోటికి దించాం. ర్యాక్ నష్టం 15 సెంటీమీటర్లకి దిగింది, లోడ్ 2.72కి చేరింది. గులకరాళ్ల గట్టు మాత్రం వెంటనే ముట్టుకోలేం.

అక్కడే మేనేజర్‌తో కొంచెం వాదన జరిగింది. కాలువలోకి నీళ్లు మళ్లించే చోటికీ, తిరిగి కలిసే చోటికీ మధ్య నది ఎండిపోకుండా సెకనుకు 3 ఘనపు మీటర్లు ఎప్పుడూ వదలాలని అనుమతిలోనే ఉంది. "ఆ మూడూ లోపలికి తీసుకుంటే 300 కిలోవాట్లు కదా, గట్టు తీసేదాకా అలా సర్దుకుంటే?" అని ఆయన అడిగారు. అడగడంలో దుర్బుద్ధి లేదు, పైనుంచి ఒత్తిడి ఉంది. నేను లాగ్‌బుక్ ముందు పెట్టాను. నష్టం వస్తున్నది నీళ్లు పొంగి స్పిల్‌వే మీద పోతున్న రోజుల్లో. ఆ 3 ఘనపు మీటర్లకి విలువ ఉండేది నీళ్లు లేని రోజుల్లో. అప్పుడు మీకు హెడ్ నష్టమే లేదు, సర్దుకోవడానికి ఏముంది? చేపలకి మాత్రం ఆ రోజుల్లో ఉన్న నీళ్లు అవే. ఆయన కాసేపు పేజీలు తిప్పి, "సరే, ఈ మాట నేను రాయను" అన్నారు.

గట్టు విషయంలో కూడా మొత్తం తీసేద్దామన్న ఆలోచన మొదట ఉంది. గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టే చేపలు అక్కడ ఉన్నాయని మత్స్యశాఖ వాళ్లు చెప్పారు. గుడ్ల కాలం దాటేదాకా ఆగి, అనుమతి తీసుకుని, నది మధ్యలో ఒక కాలువలాగా మాత్రమే తవ్వించాం. రెండు పక్కలా గట్టు అలాగే ఉంచాం. ఖాళీగా దొరికిన ఆ నెలల్లోనే రన్నర్ వెల్డింగ్ కూడా అయిపోయింది.

తర్వాతి నీళ్ల కాలంలో రెండు యూనిట్లూ పూర్తి లోడ్‌లో ఉండగా మళ్లీ కొలిచాం. ఫోర్‌బే 100.00, ర్యాక్ 0.15, లోపల 0.10, టెయిల్ 88.00. నెట్ హెడ్ 11.75. పవర్ 2.89 మెగావాట్లు. యూనిట్‌కి 370 కిలోవాట్లు తిరిగొచ్చాయి, రెండింటికీ కలిపి 740. రెండూ నిండుగా నడిచే మూడు నెలల్లోనే ఇది సుమారు 16 లక్షల యూనిట్ల కరెంటు. ఒక్క చుక్క నీరు అదనంగా నిల్వ చేయకుండా, కొత్త కాంక్రీట్ పోయకుండా వచ్చింది. మిగిలిన 110 కిలోవాట్లలో ఎక్కువ భాగం వదిలేసిన గట్టు తాలూకు 20 సెంటీమీటర్లది. అది చేపల వాటా అని రిపోర్ట్‌లో సరిగ్గా ఈ మాటలతో రాయలేదు కానీ, భావం అదే. కొత్త రన్నర్ ఆర్డర్ ఫైలు మూసేశారు.

ఒక అనుమానం చాలామంది అడిగారు: ఇలాంటి ఇబ్బందులు చిన్న కేంద్రాలకేనా? కాదు. పెద్ద జలాశయాలున్న చోట హెడ్ ఇంకో దారిలో పోతుంది. 2021 ఆగస్టులో కాలిఫోర్నియాలో ఓరోవిల్ జలాశయం కరువుకి ఎంత దిగిపోయిందంటే, 1960ల నుంచి నడుస్తున్న ఎడ్వర్డ్ హయత్ కేంద్రాన్ని తొలిసారిగా పూర్తిగా ఆపేయాల్సి వచ్చింది. యంత్రాలు బాగానే ఉన్నాయి, పైన నీటి మట్టమే లేదు. ప్రపంచ విద్యుత్తులో దాదాపు ఏడో వంతు నీటి నుంచే వస్తోంది. అంత కరెంటూ రెండు లెవెల్స్ మధ్య తేడా మీద నిలబడి ఉంది. అయినా ఏ కేంద్రానికి వెళ్లినా జనరేటర్ బేరింగ్ టెంపరేచర్ టకీమని చెబుతారు, టెయిల్ లెవెల్ అడిగితే డ్రాయింగ్ వెతుకుతారు.

లాగ్‌షీట్‌లో ఇప్పుడు రెండు కొత్త గళ్లున్నాయి: ర్యాక్ వెనక లెవెల్, చేత్తో చదివిన టెయిల్ గేజ్. సెన్సార్ ఉన్నా సరే, షిఫ్ట్‌కి ఒకసారి మెట్లు దిగి కంటితో చూసి రాయాలి. ఈ పని పెట్టినందుకు నన్ను తిట్టుకున్నవాళ్లు ఉన్నారని తెలుసు. ర్యాక్ తేడా 25 సెంటీమీటర్లు దాటితే అలారం, 50 దాటితే లోడ్ తగ్గించడం.

మరుసటి ఏడాది వాగుకి మళ్లీ వరద వచ్చింది. తెల్లవారుజామున ఫోర్‌మన్‌గారి ఫోన్. "సార్, గేజ్ 88.10 చూపిస్తోంది. రాళ్లు మళ్లీ దిగినట్టున్నాయి." సెన్సార్ ఎంత చూపిస్తోందని అడిగాను. "అది కూడా పదే అంటోంది సార్. కానీ నేను ముందు మెట్లు దిగి చూసొచ్చాకే స్క్రీన్ చూశా."